బీరువాలో తాత పిస్తోలు దొరికితే: మిస్త్రీ చేతికి ఇచ్చేదాకా ఏం చేయాలి, ఏం చేయొద్దు

మా బాపు దినవారాలు అయిపోయాక, పరకాల దిక్కు మా ఊరి ఇంట్లో ఇనుప బీరువా సర్దుతుంటే అడుగు అరలో పాత ధోతి ముక్కలో చుట్టిన మూట ఒకటి చేతికి బరువుగా తగిలింది. విప్పితే తాత పిస్తోలు. గడ్డకట్టిన నూనె వాసన, తుప్పు వాసన ఒక్కసారే వచ్చాయి. పిడి మీది నల్లటి పలక అంచున చిట్లి ఉంది. ట్రిగ్గరు వెనక్కి అతుక్కుపోయి ముందుకు రావడం లేదు. "పాడైపోయింది, ఇంకేం చేస్తుంది" అని మా కాక కొడుకు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. గదిలో ఆరుగురం ఉన్నాం, అందులో ఇద్దరు పిల్లలు. తర్వాత తుపాకుల మరమ్మతుకు లైసెన్సు ఉన్న మిస్త్రీ దాన్ని విప్పినప్పుడు చాంబరులో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, చిలుము పట్టిన తూటా ఒకటి కనపడింది. ఆ గది, ఆ పిల్లలు ఇప్పటికీ నా కండ్ల ముందు మెదులుతారు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

చెడిపోయిన పిస్తోలు కూడా పిస్తోలే. చట్టం ముందరా అంతే, మీ చేతిలోనూ అంతే. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద రాసిన పనులన్నీ ఎందుకు ఆ వరుసలో ఉన్నాయో మీకే తెలుస్తుంది.

మన వైపు ఇట్లాంటి మూటలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. నిజాం కాలంలో దేశ్‌ముఖులు, పటేళ్ళు, షికారుకు పోయే వకీళ్ళు, అడవి కాంట్రాక్టర్లు కొన్నవి. ఎక్కువగా బర్మింగ్‌హామ్‌లో చేసిన వెబ్లీ అండ్ స్కాట్, బెల్జియం ఎఫ్‌ఎన్ బ్రౌనింగ్, అమెరికా కోల్ట్, స్పెయిన్‌లోని ఏబార్ ఊళ్ళో గుట్టలుగా తయారైన చిన్న పిస్తోళ్ళు. వాటి వయసు ఇప్పుడు ఎనభై ఏండ్లు, నూరేండ్లు. ఇనుము బాగానే ఉంటుంది. స్ప్రింగులు, నూనె, తూటాలు మాత్రం అంత కాలం ఆగవు.

ముందు కాయితం

దొరికిన చోటే ఉంచండి. పిల్లల్ని బయటికి పంపి గదికి తాళం వేయండి. లైసెన్సు పుస్తకం ఎవరి పేరిట ఉందో వెతకండి. లైసెన్సుదారు చనిపోయాడంటే ఆ లైసెన్సు మీకు దానంతట అదే రాదు. భూమికి విరాసత్ చేయించుకున్నట్టే దీనికీ చేయించుకోవాలి, కాని ఒక తేడా ఉంది. విరాసత్ ఆలస్యమైనా భూమి ఎక్కడికీ పోదు, మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. లైసెన్సు లేకుండా పిస్తోలు ఇంట్లో పెట్టుకోవడం మాత్రం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత దానికి తక్కువలో తక్కువ రెండేండ్లు, ఎక్కువంటే ఐదేండ్లు జైలు.

అదే చట్టంలో 21వ సెక్షన్ దారి కూడా చూపిస్తుంది. ఆయుధం మీ దగ్గర ఉండటం చట్టబద్ధం కాని రోజున, ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలోనో లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోనో జమ చేయాలి. ఠాణాకు ఫోన్ చేసి సంగతి చెప్పి, వాళ్ళనే ఇంటికి వచ్చి తీసుకుపొమ్మనండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బస్సెక్కకండి. లైసెన్సుదారు బతికి ఉంటే, ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే, మరమ్మతు కోసమో రెన్యువల్ కోసమో ఇంకొకరు మోసుకుపోవచ్చని 3వ సెక్షన్‌లో ఉంది. పోయినవాళ్ళ తరఫున ఆ వీలు లేదు.

జమ చేసేటప్పుడు రసీదు తీసుకోండి. రసీదు మీద తయారీదారు పేరు, బోరు (గొట్టం కొలత), సీరియల్ నంబరు, మ్యాగజైన్లు (పిడిలోకి దూర్చే తూటాల డబ్బాలు) ఎన్ని, తూటాలు ఎన్ని అన్నీ రాయించండి. వీలైతే "ట్రిగ్గరు పనిచేయడం లేదు, పిడి పలక చిట్లి ఉంది" అని కూడా రాయమని అడగండి. తర్వాత ఎవరి చేతిలో ఏం చెడిందన్న మాట రాదు.

ఆ తర్వాత వారసుల కింద దరఖాస్తు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం దీని గురించే. లైసెన్సుదారు పోయాక వారసుడికి లైసెన్సు ఇవ్వొచ్చు. ఆయన బతికుండగానే డెబ్బై ఏండ్లు నిండినా, ఆ ఆయుధం ఆయన దగ్గర ఇరవై ఐదేండ్లు ఉన్నా, తను చెప్పిన వారసుడికి ఇప్పించొచ్చు. మీ ఇంట్లో పెద్దాయన ఇంకా ఉన్నారా? ఈ రెండో దారి ఇప్పుడే వాడుకోండి, తర్వాతి తిప్పలు చాలా తగ్గుతాయి. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ముల సమ్మతి కాయితాలు ముందే సిద్ధం చేసుకోండి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో ఉంటే దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్‌కు. 2019 సవరణ నుంచి ఒక మనిషికి రెండు ఆయుధాలే. మీ పేరిట ఇప్పటికే రెండు ఉంటే ఇది ఇంకొక వారసుడి పేరిట పోవాలి.

రెండు మాటలు తరచూ వినపడతాయి. ఒకటి, "నిజాం కాలం ఉర్దూ పర్వానా ఉంది కదా" అని. అది జాగ్రత్తగా దాచుకోండి, ఆయుధం ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పే సాక్ష్యం అది. లైసెన్సు మాత్రం కాదు. రెండోది, "పనిచేయని దానికి లైసెన్సు ఎందుకు" అని. చట్టం మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా చేయకున్నా ఇక పేలే అవకాశమే లేని వాటికి. స్ప్రింగు మారిస్తే పనిచేసే పిస్తోలుకు ఆ మినహాయింపు రాదు. అది ఏ రకమో తేల్చేది మీరూ కాదు, నేనూ కాదు.

ఖాళీ చేయడం

లైసెన్సు మీ పేరిట వచ్చింది, పిస్తోలు మీ చేతికి వచ్చింది. "ఠాణాలో ఖాళీ చేసే ఇచ్చారు" అన్నా సరే, మళ్ళీ మీరు చూసుకోవాల్సిందే. పిస్తోలు చేయి మారిన ప్రతిసారీ ఇది కొత్తగా చేసే పని. ఎట్లా చేయాలో ముందుగా దుకాణంవాళ్ళ దగ్గర చేతిలో పట్టుకుని నేర్చుకోండి. కింద రాసింది మీకు గుర్తుండటానికే.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పగటి వెలుతురులో కూర్చోండి. ఎదురుగా ఇసుక దట్టంగా కూరిన సిమెంటు బస్తా ఒకటి నిలబెట్టుకోండి. గొట్టం మూతి మొదటి నుంచి చివరిదాకా ఆ బస్తా వైపే ఉండాలి. చూపుడు వేలు ట్రిగ్గరు కంచె బయట, గొట్టానికి సమాంతరంగా చాపి ఉండాలి. ట్రిగ్గరు పనిచేయడం లేదని తెలిసినా వేలు అక్కడికి పోవద్దు. పనిచేయని ట్రిగ్గరు వెనక తూటాను పేల్చే లోపలి సుత్తి సగం ఎక్కి ఆగి ఉండొచ్చు, చిన్న కుదుపుకు జారొచ్చు.

మొదట మ్యాగజైన్ తీయాలి. కొత్త పిస్తోళ్ళకు ట్రిగ్గరు పక్కన బొత్తం ఉంటుంది. పాత వాటిలో చాలావాటికి పిడి అడుగున, మడమ దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి నెడితే మ్యాగజైన్ కిందికి జారుతుంది. జారకపోతే జిగురైన నూనె పట్టేసి ఉంటుంది. అడుగు పలకను వేళ్ళతో పట్టి లాగండి. స్క్రూడ్రైవరుతో గుచ్చి పెకలించకండి.

మ్యాగజైన్ బయటికి వచ్చింది కాబట్టి పిస్తోలు ఖాళీ అనుకునేవాళ్ళు చాలామంది. ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. చాంబరులో ఉన్న తూటా మ్యాగజైన్‌తో పాటు రాదు. పైగా పాత పిస్తోళ్ళలో చాలావాటికి మ్యాగజైన్ తీసినా ట్రిగ్గరు నొక్కితే పేలుతుంది.

తర్వాత స్లైడు, అంటే పిస్తోలు పైన వెనక్కీ ముందుకీ జరిగే ఇనుప తొడుగు, వెనక్కి లాగాలి. వరుస తారుమారు కావద్దు. మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడు లాగి వదిలితే ఒక తూటా బయటపడుతుంది, ఇంకొకటి లోపలికి ఎక్కుతుంది. బయటపడ్డ తూటాను చూసి ఖాళీ అయిందని సంబరపడతాం. కోల్ట్ 1903 లాంటి వాటిలో సేఫ్టీ వేసి ఉంటే స్లైడు కదలదు. అప్పుడు మూతి బస్తా వైపే ఉంచి సేఫ్టీ తీసి లాగాలి. స్లైడు వెనక్కి పట్టి ఉంచి చాంబరులోకి టార్చి వేసి చూడండి. తర్వాత చిటికెన వేలితో తడమండి. నల్లబడ్డ ఇత్తడి టార్చి వెలుతురుకు కూడా మెరవదు, అందుకే కన్నూ కావాలి, వేలూ కావాలి.

తూటా కనపడుతోంది, బయటికి రావడం లేదు అనుకోండి. చిలుము పట్టి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, దాన్ని పట్టి లాగే కొక్కెం జారిపోతుంటుంది. మూతి వైపు నుంచి కడ్డీ పెట్టి కొట్టి తీద్దామన్న ఆలోచన రానివ్వకండి. స్లైడు తుప్పుతో బిగుసుకుని అసలే కదలకపోతే లోపల తూటా ఉన్నట్టే లెక్క. ఈ రెండింటిలో ఏదైనా సరే, అక్కడే ఆపి దుకాణానికో ఠాణాకో కబురు పెట్టండి. వేడి చేయడం, సుత్తితో తట్టడం, బండకు ఆనించి తోయడం, ఇవన్నీ మనుషుల ప్రాణం మీదికి తెచ్చే పనులు.

మూటలో దొరికిన పాత తూటాలను ఈ పిస్తోలులో పెట్టి చూడొద్దు. బావిలో వేయొద్దు, పొయ్యిలో వేయొద్దు, చెత్తబండిలో వేయొద్దు. ఠాణాలో జమ చేసి రసీదు తీసుకోండి.

రుద్దకుండా చూడటం

ఇప్పుడు చేతిలో పనిముట్లు ఏవీ వద్దు. టార్చి, భూతద్దం, నోటుపుస్తకం, ఫోన్ కెమెరా చాలు. ఒక తెల్లటి బట్ట పరిచి దాని మీద పెట్టి నాలుగు వైపులా ఫోటోలు తీయండి.

గొట్టం మీద, స్లైడు మీద ఉన్న రాతలన్నీ ఎక్కించుకోండి. 7.65 అని ఉంటే అది చాలావరకు మనం పాయింట్ 32 పిస్తోలు తూటా అనే దానికి యూరప్ పేరు. ఇక్కడ ఒక చిక్కుంది. మన దగ్గర పాయింట్ 32 అంటే రెండు రకాల తూటాలు. రివాల్వరుకు వాడే పొడవాటి స్మిత్ అండ్ వెసన్ లాంగ్ ఒకటి, పిస్తోలుకు వాడే పొట్టి ఏసీపీ ఒకటి. లైసెన్సు మీద "పాయింట్ 32" అని మాత్రమే ఉంటే దుకాణంలో ఏది కావాలో నోరు తెరిచి అడగాలి. ఒకదాని బదులు ఇంకొకటి వాడొద్దు. పట్టించాలని చూడటం ప్రమాదం. 9 ఎంఎం అని ఉంటే వెంటనే లైసెన్సింగ్ అధికారికి చెప్పండి. మిలిటరీ వాడే ఆ బోరు నిషిద్ధ జాబితాలోది, దాని దారి వేరు.

తుప్పు చూడగానే ఎవరికైనా ఎమరీ కాగితం మీదికి చెయ్యి పోతుంది. మా చుట్టాల్లో ఒకరు అదే చేశారు. లేత్ పనిచేసే ఒక షెడ్డులో ఇచ్చి తళతళలాడించి తెచ్చారు. సీరియల్ నంబరులో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. గుర్తులు చెరపడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద తప్పు, చెరిగిన ఆయుధం ఎవరి దగ్గర దొరికితే వాళ్ళే చెరిపారని అదే సెక్షన్ అనుకుంటుంది, కాదని వాళ్ళే నిరూపించుకోవాలి. తాను చెరపలేదనీ, తుప్పు తీయించాననీ నిరూపించుకోవడానికి ఆయన నెలల తరబడి తిరిగాడు. అసలు లైసెన్సు లేని షెడ్డులో ఆయుధం మరమ్మతు చేయించడమే పెద్ద నేరం. చట్టంలో మరమ్మతును తయారీ, అమ్మకాలతో పాటు ఒకే వరుసలో కట్టి, శిక్ష తక్కువలో తక్కువ ఏడేండ్లు పెట్టారు. లేత్ మిస్త్రీ ఎంత పనిమంతుడైనా సరే, ఆయన్నూ మిమ్మల్నీ ఇద్దరినీ ముంచే పని అది.

మీరు చేయదగ్గ శుభ్రం కొంచెమే. మెత్తటి నూలు బట్టకు తుపాకి నూనె, అది దొరకకపోతే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి పైపైన తుడవండి. గడ్డకట్టిన నూనె దగ్గర కిరోసిన్ తడిపిన బట్ట కాసేపు ఆనించి తుడిచి, వెంటనే నూనె బట్టతో మళ్ళీ తుడవండి. పిడి పలకలకు కిరోసిన్ తగలనీయకండి. నల్లటి పలకలు చాలావరకు గట్టి రబ్బరువి. వయసు మీద పడి పెళుసై ఉంటాయి. ఎండలో పెడితే గోధుమరంగులోకి తిరుగుతాయి, వేడినీళ్ళు తగిలినా అంతే.

కొబ్బరినూనె, ఆముదం వద్దు. మన ఇండ్లల్లో ఏ ఇనుముకైనా ఇవే రాస్తారు, మా తాతా రాశాడు. కొన్నేండ్లకు అవి పచ్చటి జిగురై, తర్వాత లక్క లాగా గట్టిపడతాయి. మా పిస్తోలు ట్రిగ్గరు వెనక్కి అతుక్కుపోవడానికి సగం కారణం ఆ జిగురే. మిస్త్రీ పిడి పలక విప్పి చూపించాడు. స్ప్రింగు చుట్టూ తేనెరంగు పొర, దానిలో ఇరుక్కున్న ధోతి నూలు పోగు ఒకటి. గోటితో గీకితే పెంకుగా లేచి వచ్చింది.

గొట్టం లోపల చూడాలంటే మిస్త్రీ దగ్గర విప్పినప్పుడే చూడండి. వెనక నుంచి వెలుతురు పడేట్టు పట్టి చూస్తే మెలితిరిగిన గాడులు కనపడాలి. అక్కడక్కడ నల్లటి గుంటలు కనపడితే అవి పాత తూటాల పుణ్యం. ఆ రోజుల్లో తూటాల ప్రైమరులో, అంటే తూటా వెనక దెబ్బకు అంటుకునే చిన్న బిళ్ళలో, క్లోరేట్ ఉండేది. పేలిన తర్వాత అది ఉప్పులాంటి పదార్థంగా గొట్టంలో మిగిలి, గాలిలోని తేమను లాగి ఇనుమును తినేసేది. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఉప్పుకు కావలసినంత తేమ. నూనెతో ఆ ఉప్పు కరగదు, నీళ్ళతోనే పోతుంది. అందుకే పాత షికారీలు కాల్చిన రోజే గొట్టంలో వేడినీళ్ళు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవాళ్ళు.

ఏ జబ్బుకు ఏ మాట

మిస్త్రీ దగ్గరికి పోయి "పనిచేయడం లేదు" అంటే ఆయన ఏం చూడాలో తెలియదు. డాక్టరుతో చెప్పినట్టు చెప్పాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏమవుతోంది. ఖాళీ చేశాక మీరు గమనించింది రాసుకోండి. ట్రిగ్గరు పదే పదే నొక్కి చూడకండి. తూటా వెనక పొడిచే పాత ఫైరింగ్ పిన్నులు ఖాళీగా కొడితే కొన విరుగుతాయి, వాటికి మారు దొరకడం కష్టం.

స్లైడు వెనక్కి లాగి వదిలితే చివరిదాకా పోయి మూసుకోకుండా గోరంత ఆగుతోందా? జిగురైనా అయి ఉంటుంది, ముందుకు నెట్టే స్ప్రింగు అలిసైనా ఉంటుంది. ఈ స్ప్రింగు ఒక్కో తయారీలో ఒక్కో చోట ఉంటుంది. ఎఫ్‌ఎన్ బ్రౌనింగ్ 1900లో గొట్టం పైన ఉంటుంది, పైగా ఫైరింగ్ పిన్నును తోసే పనీ అదే చేస్తుంది. కాబట్టి అది అలిసిందంటే స్లైడు మూసుకోవడమూ తగ్గుతుంది, తూటాను కొట్టే దెబ్బా తగ్గుతుంది. రెండు జబ్బులు కనపడతాయి, వేరు ఒక్కటే. వెబ్లీ అండ్ స్కాట్‌లో ఇంగ్లిషు వీ అక్షరం ఆకారంలో పట్టీ స్ప్రింగు పిడి పలక కిందే ఉంటుంది. చిట్లిన పలకను ఊరికే విప్పితే ఆ స్ప్రింగు మీద చెయ్యి పడుతుంది. పలక అందం కోసమే ఉందనుకోకండి.

ట్రిగ్గరు నొక్కితే టక్కుమంది, తూటా పేలలేదు. ఇది రేంజులో, అంటే కాల్చడానికి అనుమతి ఉన్న చోట, ఎదురయ్యే సంగతి. వెంటనే స్లైడు లాగకండి. మూతి గురి దిక్కే ఉంచి అర నిమిషమన్నా ఆగండి. పాత మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత తూటా తీసి దాని వెనక ప్రైమరు మీద దెబ్బ చూడండి. గుంట లోతుగా, నడిమధ్యలో ఉంటే తప్పు తూటాది. పైపైన గీరినట్టు ఉంటే తప్పు పిస్తోలుది: స్ప్రింగు అలసిపోయి ఉంటుంది, పిన్ను కొన అరిగి ఉంటుంది, లేదా పిన్ను దారిలో జిగురుంటుంది. ఆ తూటా ఫోటో తీసి మిస్త్రీకి చూపిస్తే ఆయన పని సగమవుతుంది.

ఎప్పటిలా ఢామ్మనకుండా ఉత్తగా "టుప్" అన్న శబ్దం వస్తే ఆ రోజు కాల్చడం అంతటితో ఆపేయాలి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి కాల్చితే గొట్టం చేతిలోనే పగులుతుంది. ఈ పేజీలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ శబ్దం గుర్తుపెట్టుకోండి.

తూటా ఎక్కేటప్పుడు ఇరుక్కుంటోందంటే అందరూ పిస్తోలును అనుమానిస్తారు, ముందు మ్యాగజైన్‌ను చూడాలి. దాని మూతి దగ్గర రేకు అంచులు రెండూ సమానంగా వంగి ఉన్నాయా? ఎప్పుడో కిందపడి ఒకటి తెరుచుకుని ఉందా? లోపలి స్ప్రింగు తూటాలను బలంగా పైకి నెడుతోందా? ఏండ్ల తరబడి నింపి పెట్టిన మ్యాగజైన్‌లో అది చచ్చిపోయి ఉంటుంది. ఇంకో సంగతి, పాయింట్ 32 ఏసీపీ తూటాకు అడుగున కొద్దిపాటి అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ కొండీ పడి కదలవు. ఒక్కో తూటా పెట్టాక పక్క నుంచి చూడండి, పైదాని అంచు ఎప్పుడూ కిందిదానికి ముందే ఉండాలి. మరమ్మతు అక్కర్లేకుండా పోయే జబ్బు ఇదొక్కటే.

పేలిన కేసు (తూటా ఖాళీ ఇత్తడి డొప్ప) బయటికి ఎగరకుండా సగంలో నిలబడితే లాగే కొక్కెం అరిగిందని, దాని స్ప్రింగు అలిసిందని అర్థం. చాంబరు గుంటలు పడినా కేసు అంటుకుంటుంది.

ఇక రెండు జబ్బులకు మాత్రం ఇంట్లో ఒక్కరోజు కూడా పరీక్షలు పెట్టొద్దు. సేఫ్టీ వేసి ఉన్నా ట్రిగ్గరు కదిలి సుత్తి పడటం ఒకటి. ఒకసారి నొక్కితే రెండు పేలడం ఇంకొకటి. లోపల సుత్తిని ఆపే పంటి అంచు అరిగిపోతే ఇట్లా కావచ్చు. అది చేతిలో ఉన్నప్పుడే కాదు, కింద పడినా పేలొచ్చు. ఖాళీగా పెట్టెలో పెట్టి నేరుగా మిస్త్రీ దగ్గరికి తీసుకుపోండి.

మిస్త్రీ దగ్గర

మరమ్మతుకు లైసెన్సు ఉన్న దుకాణమేనా అని అడగండి. గోడ మీద లైసెన్సు చూపిస్తాడు. చూపించడానికి నసిగితే వెనక్కి రండి. మన వైపు చాలామంది హైదరాబాదే పోతారు. పిస్తోలు, మ్యాగజైన్ వేరువేరుగా, పెట్టెలో, లైసెన్సు పుస్తకం జేబులో. తూటాలు వెంట తేవద్దు. దారిలో హోటలు దగ్గర కారులో వదిలి టీ తాగడానికి దిగొద్దు.

దుకాణంలో రిజిస్టరులో ఎక్కించాక రసీదు ఇస్తాడు. అక్కడ మూడు మాటలు మాట్లాడుకోండి. ఏ భాగం మారుస్తున్నారో ముందే చెప్పాలి, తీసిన పాత భాగం మీకు తిరిగి ఇవ్వాలి. నంబర్లు, గుర్తులు ఉన్న చోట రుద్దడం, కొత్త రంగు పట్టించడం వద్దు. పని అయ్యాక కాల్చి చూసేది ఆయనే, అదీ అనుమతి ఉన్న చోట, కొత్త తూటాలతో.

స్ప్రింగులు చేయించొచ్చు, దానికి భయం లేదు. కొక్కెం, పిన్ను లాంటివి పాత దాన్ని చూసి మలచాలి, నైపుణ్యం కావాలి, సమయం పడుతుంది. ఏబార్ పిస్తోళ్ళకు చిక్కు ఎక్కువ. ఒకే మోడలు పేరుతో ఎన్నో చిన్న కార్ఖానాలు చేసేవి కాబట్టి ఒకదాని భాగం ఇంకొకదానికి సరిపోదు. గొట్టం ఉబ్బినా, స్లైడు మీద వెంట్రుకవాసి పగులు కనపడినా మిస్త్రీ "వద్దు" అంటాడు. ఆ మాట విని బతిమాలకండి. దాన్ని కాల్చకుండా లైసెన్సు మీద ఉంచుకోవాలా, దుకాణానికి అమ్మాలా, ప్రభుత్వానికి అప్పగించాలా అన్నది ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవచ్చు. మేము మా తాత పిస్తోలుకు ట్రిగ్గరు స్ప్రింగు వేయించాం, పలక మార్చలేదు. గొట్టంలో గుంటలు ఎక్కువగా ఉన్నాయని చెబితే కాల్చడం మానుకున్నాం.

ఇంటికి వచ్చాక

తోలు పౌచులో దాచకండి. తోలు తేమను పీల్చుతుంది, తోలు పదును చేసిన మందులు ఇనుమును తింటాయి. మా పిస్తోలు మీద కుడి వైపు తుప్పు పౌచు కుట్టు ఆకారంలోనే పడి ఉంది, ఒక్కో కుట్టుకు ఒక్కో చుక్క. పొడి నూలు బట్టకు కొద్దిగా నూనె పట్టించి చుట్టి, తాళం ఉన్న ఇనుప పెట్టెలో పెట్టండి. నీలిరంగు సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన వేసి, గులాబీ రంగులోకి మారినప్పుడు వేడి చేసి నీలిగా చేసుకుని మళ్ళీ వేయండి. వానకాలం మొదలయ్యే ముందు ఒకసారి, మృగశిర దాటాక ఒకసారి తీసి చూడండి. తూటాలు వేరే తాళంలో ఉండాలి. ఆ తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకు తెలియకూడదు.

ఎన్నికలు వస్తే మళ్ళీ జమ చేయమంటారు. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు, 2024 మే నెలలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఆరు నెలల తేడాలో రెండు కోడ్‌లు. ఠాణాలో జమ చేసినవి దాచే మాల్‌ఖానా అరల్లో ఎవరూ నూనె రాయరు, అది వాళ్ళ పని కాదు. ఇచ్చే ముందు రోజు లోపలా బయటా నూనె కొంచెం ఎక్కువే పట్టించి, నూనె కాయితంలో చుట్టి, పేరు చీటీ కట్టి ఇవ్వండి. తెచ్చుకునే రోజు రసీదు మీది నంబరు, పిస్తోలు మీది నంబరు ఒక్కో అంకె చదివి కలుపుకోండి. మ్యాగజైన్లు లెక్కపెట్టుకోండి. ఇంటికి వచ్చాక ఇసుక బస్తా ముందు కూర్చుని మొదట మ్యాగజైన్, తర్వాత స్లైడు, తర్వాత టార్చి, తర్వాత చిటికెన వేలు.